గైరాన్ లెక్కలో లేని మంద

మద్దూరు పంచాయతీ కార్యాలయం గోడమీద, ఊరి సర్వే చేసిన అధికారి రత్నాకర్ తన కంప్యూటర్ నమూనాను ప్రదర్శించాడు. ఊరి పంటలూ పశువులూ ఒకదాన్నొకటి ఎలా పోషిస్తున్నాయో రంగుల గీతలు చూపుతున్నాయి. అది తేల్చినది ఒక్కటే: గైరాన్, అంటే ఊరు మేతకు వదిలిన ఇరవై ఎకరాలు, ఎవరికీ ఉపయోగపడటం లేదు, దున్ని మక్కజొన్న వేయాలి. తీర్మానంపై మొదటి సంతకం ఊరి పటేలు రాజమల్లయ్య చేశాడు.

గొర్లకాపరి రామవ్వ లేచి నిలబడింది. ఆమెకు నూట నలభై గొర్రెలున్నాయి. గైరాన్ పోతే వానకాలమంతా వాటికి గడ్డిపోచ దొరకదు.

"గా గోడమీద నా గొర్లు ఏడ ఉన్నయి సారూ?"

"సున్నా ఉందమ్మా. ఏప్రిల్‌లో సర్వే చేసినప్పుడు ఊళ్లో ఒక్క గొర్రె కూడా లేదు."

"ఎండకాలం గోదారి దిక్కు మేపుకపోతం. ఊరందరికి ఎరుకే. నువ్వు అడిగితె గద!"

"ఏం లొల్లి పెడ్తున్నవ్ రామవ్వా? ఊరు బాగుపడుడు నీకు ఇష్టం లేదా?" అన్నాడు రాజమల్లయ్య.

ఆమె అతనివైపు తిరిగింది. "పటేలా, నీ చేనుకు ఎరువు ఎవలిదని సర్వేల రాయించినవ్?"

రత్నాకర్ తెర చూసి చదివాడు. "సొంత బర్రెలది."

"రెండు బర్రెల పెండ ఎనిమిదెకరాలకు సరిపోయిందా? అవి బర్రెలా, ఏనుగులా?"

గదిలోని వాళ్లంతా గొల్లున నవ్వారు. ప్రతి ఏడాదీ విత్తనానికి ముందు పది రాత్రులు రామవ్వ మంద ఆ చేనులోనే పడుకునేది, దాని పెంటికలే చేనుకు ఎరువు. గొర్లకాపరికి తాను రుణపడి ఉన్నానని సర్వేలో చెప్పడానికి రాజమల్లయ్యకు నామోషీ అడ్డొచ్చింది.

"గా అబద్ధం తీసేసి చూడు సారూ."

రత్నాకర్ అయిష్టంగా ఆ బర్రెల ఎరువు అంకె తొలగించాడు. రాజమల్లయ్య చేను మక్క దిగుబడి గీత సగానికి కూలింది. సంతకానికి వరుసలో నిలబడ్డ రైతులు వెనక్కి తగ్గారు. వాళ్ల చేలలోనూ ఆ మందే పడుకునేది, గైరాన్ పోతే ఆ ఎరువూ పోతుంది.

"సర్వేలో చెప్పినాయనే మళ్లీ చెప్తే మారుస్తాను," అన్నాడు రత్నాకర్.

"చెప్పు పటేలా. అందరు ఇనేటట్టు చెప్పు."

"ఎరువు... రామవ్వ మందది," అన్నాడు రాజమల్లయ్య తల వంచుకుని.

రత్నాకర్ నూట నలభై గొర్రెలను నమోదు చేశాడు. గైరాన్ మేతభూమిగానే మిగిలింది. రాజమల్లయ్య తన సంతకాన్ని తానే కొట్టివేసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఎల్లుండి మంద మా చేన్ల పెడ్తవు గద?"

ఆమె కర్ర అందుకుని బయటికి నడిచింది.

మూడవనాటి సాయంత్రం మంద గైరాన్ నుంచి అతని గట్టు వెంటే నడిచింది. రామవ్వ కర్ర అడ్డం పెట్టి, ఒక్క గొర్రె కాలునూ ఆ చేనులో మోపనీయక, పక్కవాళ్ల చేనులోకి తోలింది.