అత్తలకు వినిపించిన టేపు

కామారెడ్డిలో తల్లీబిడ్డల ఆరోగ్య సర్వే ఆఫీసులో మాకు నేర్పిన మొదటి పాఠం: కోడళ్లనూ అత్తలనూ ఒకే గుంపులో కూర్చోబెట్టొద్దు, ఒకరి మాట ఇంకొకరికి చేరనివ్వొద్దు. 1992లో, కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం గొప్పగా అప్పజెప్పింది నేనే.

ఎల్లారెడ్డి దగ్గరి ఊళ్లో పొద్దున కోడళ్లను కూర్చోబెట్టి కాన్పుల గురించి, పసిపిల్లల పాల గురించి అడిగాను. "మీరు చెప్పింది ఎవ్వరికి చెప్ప" అని మాటిచ్చి టేపు రికార్డరు పెట్టాను. బీడీలు చుడుతూనే అందరూ గలగలా మాట్లాడారు. నెలలు నిండిన విమల మాత్రం గొంతు తగ్గించి, "కాన్పయినంక మూడు దినాల దాక పాలియ్యొద్దంటది మా అత్త. పెద్దోనికి చాటుంగ ఇచ్చిన. ఈసారి గూడ గట్లనే ఇస్త" అంది. పక్కనున్న కుల్సుం నవ్వి ఆమె వీపు తట్టింది.

మధ్యాహ్నం అత్తలు వచ్చారు. ఎంత అడిగినా ఒక్కరూ నోరు విప్పరు. నాకు ఒళ్లు మండింది. "మీ కోడండ్లు ఎంత మంచిగ మాట్లాడిండ్రో ఇనుండ్రి" అంటూ టేపు వెనక్కి తిప్పాను. కాస్త నవ్వులు వినిపించి ఆపేద్దామనుకున్నాను. నవ్వుల వెంటే విమల గొంతు వచ్చింది. నేను మీట నొక్కేలోపే మాట పూర్తయింది. విమల అత్త భూదవ్వ చేతిలో చుడుతున్న బీడీ ఆకు అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత అందరూ కోపంతో తెగ మాట్లాడారు. టేపు సంగతి కోడళ్లకు చెప్పొద్దని లేచేటప్పుడు వాళ్లను బతిమాలాను. "ఇంత మంచి చర్చ ఎక్కడా జరగలేదు" అని మా ఆఫీసరు నా రిపోర్టు చూసి మెచ్చుకుంటే సిగ్గులేకుండా నవ్వాను.

నాలుగు రోజులకు మళ్లీ ఆ ఊరు వెళ్లాను. విమల ముందురోజే ప్రసవించింది. నన్ను చూడగానే భూదవ్వ ముఖం తిప్పుకుని బయటికి వెళ్లిపోయింది. పసిపిల్ల చక్కెర నీళ్ల గుడ్డ చప్పరించి, వదిలేసి ఏడుస్తోంది.

"ఇప్పుడెవ్వరు లేరు, పాలియ్యి" అన్నాను.

"పాలియ్యనని పెద్దోని తలమీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టేయించుకున్నది మా అత్త, అక్కా. నా ముచ్చట అత్తకు తెలిసింది. ఎవరు చెప్పిండ్రంటె చెప్తలేదు." విమల కళ్లు తుడుచుకుంది. "కుల్సుమే చెప్పుంటది. పొద్దుగాల చూడనీకొస్తె వాకిట్ల నుంచే పొమ్మన్న."

"కుల్సుం కాదు, నేనే" అనాలి. నాలుక దాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"నీతోని చెప్పుకుంటె పానం జర నిమ్మలమైంది అక్కా" అంది విమల.

పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. బస్సుకు వేళయిందని లేచాను.