చివరి పావుగంట

తాతయ్య పోయినప్పటినుంచీ మా ఇంట్లో ఎవరూ ఏ సినిమా చివరిదాకా చూడలేదు. క్లైమాక్స్ రాబోతోందనగానే నాయనమ్మ లేస్తుంది. ఆవిడ లేస్తే అందరం లేస్తాం. మిగతా కథ ఇంటికొచ్చి, టీ తాగుతూ మేమే అల్లుకుంటాం. మా లెక్కలో ఇంతవరకూ ఏ హీరో చావలేదు.

నేను చేసుకుంటానన్న అబ్బాయి పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. మావాళ్ళు మొహం చూడకముందే ‘పళ్ళబ్బాయి’ అని పేరు పెట్టేశారు. అమ్మానాన్నా సరేనన్నారుగానీ, నాయనమ్మ ఊఁ అనకపోతే మా ఇంట్లో కుక్కర్ కూడా కూయదు. అందుకే ఆదివారం అతన్ని టీకి పిలిచాం. ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో ముందే నూరిపోశాను. సినిమా చివర్ల సంగతొక్కటే చెప్పలేదు. మాకది ఎంత అలవాటైపోయిందంటే, చెప్పాలని తట్టనే లేదు.

“మొన్నటి యుద్ధం సినిమా చూశావా బాబూ?” నాన్న మొదలుపెట్టారు.

“చూశానండీ. ఫైట్లు బావున్నాయిగానీ చెవులు చిల్లులు పడ్డాయి.”

“ఒక్క గుద్దుకి లారీ ఎగిరిపోయింది! పాపం, ఆ లారీ ఏం చేసిందయ్యా?” నాన్నకి అతను నచ్చేశాడు.

“నాకైతే ఆ డ్రమ్ములు వాయించేవాడి పాటల సినిమానే ఇష్టం,” అంది అమ్మ. “ఆ పిల్ల పాటకో గౌను మార్చింది, అదొక్కటే అతి.”

“చివర్లో వాడికి జబ్బు నయమై సంగీతం బడి పెట్టాడే, అది నాకు బాగా నచ్చింది,” అంది నాయనమ్మ.

పళ్ళబ్బాయి కప్పు కింద పెట్టాడు. “బడెక్కడ పెట్టాడండీ? చచ్చిపోయాడు కదా.”

నాన్న బిస్కెట్ టీలో మునిగిపోయింది. నేను టేబుల్ కింద అతని కాలు తొక్కబోయి అమ్మ కాలు తొక్కాను. నా పెళ్ళి నీళ్ళపాలైనట్టే అనుకున్నాను.

నాయనమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. “ఎలా పోయాడు?”

“ఆసుపత్రిలోనండీ.”

“ఆ పిల్ల పక్కనే ఉందా?”

“లేదండీ. మందులకని కిందికెళ్ళింది.”

ఆసుపత్రిలో తాతయ్య పోయినప్పుడు నాయనమ్మా కిందే ఉంది. ఆయన అడిగారని టీ తేవడానికి వెళ్ళింది. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం.

“తిరిగొచ్చాక ఏం చేసింది మరి?” అడిగింది నాయనమ్మ.

పళ్ళబ్బాయికి ఇవేవీ తెలియవు. చూసింది చూసినట్టు చెప్పాడు. “మంచం మీద అతని పక్కనే కూర్చుని, ఇద్దరూ సగంలో ఆపేసిన పాట మొత్తం పాడిందండీ. తను ఏడవలేదు. నేనే ఏడ్చాను. పక్కసీటావిడ రుమాలిచ్చింది. సినిమా అంతటికీ అదే మంచి పాట.”

“అలాగా,” అంది నాయనమ్మ, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ. “మంచి పాటలన్నీ వదిలేసి వచ్చేస్తున్నానన్నమాట.”

అంతే. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆ వారమంతా నా ప్రాణం నా దగ్గర లేదు.

మరుసటి ఆదివారం నాయనమ్మే పట్టుబట్టి అదే సినిమాకి తీసుకెళ్ళింది, పళ్ళబ్బాయితో సహా. ఆసుపత్రి గది కనబడగానే నాన్న, అమ్మ, నేను అలవాటుకొద్దీ వరసగా లేచాం. నాయనమ్మ లేవలేదు. పళ్ళబ్బాయి చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

“కూర్చోండర్రా,” అంది, తెరమీంచి చూపు తిప్పకుండా. “మా మనవడికి అడ్డం వస్తున్నారు.”