గడప బయట నీలం చెప్పు

నేను ఒక కుడికాలి హవాయి చెప్పును. ఒక రేకుల షెడ్డులో పెద్ద రబ్బరు పలక మీద అచ్చు దిగితే నేనూ, నా జత ఎడమదీ ఊడి పడ్డాం. మాకు నీలం పట్టీలు తగిలించారు. కాకినాడలో ఒక తోపుడుబండి మీద సువార్త మమ్మల్ని కొన్నది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సేవ చెయ్యడం ఆమె పని. లోకమంతా చెప్పులు రోడ్డు మీద నడవడానికి కొంటారు. ఆమె మమ్మల్ని రోగి గదిలో నడవడానికి కొన్నది. ఒట్టి కాళ్ళతో ఆ గదిలోకి వెళ్ళవద్దని పని నేర్పిన నర్సమ్మ చెప్పిందట. అందుకని రోజూ సాయంత్రం సబ్బుతో తోమి, ఆరబెట్టి, కవరులో చుట్టి సంచిలో పెట్టుకునేది. వీధి మట్టి ఎలా ఉంటుందో నేను ఎరగను.

సువార్త పనికి కుదిరిన ఇల్లు వర్ధనమ్మ గారిది. ఆ గడపకి పసుపు మెరుస్తూ ఉంటుంది.

"చెప్పులు బయట, అమ్మాయ్," అన్నారు ఆవిడ.

"ఇవి లోపలికేనండి. రోడ్డు మీద వేసుకోనండి. కడిగి తెచ్చానండి," అని సువార్త కవరు విప్పి చూపించింది.

"ఎంత కడిగినా చెప్పులు చెప్పులేగా! దేవుడి గది ఉన్న ఇల్లు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ కాళ్ళకి మెత్తటి గులాబీరంగు చెప్పులున్నాయి. మడమ నొప్పికి డాక్టరు వేసుకోమన్నాడట. అవి వంటింటి దాకా వెళ్తాయి. పక్షవాతంతో పడుకున్న మామగారి గదిలోకి మాత్రం వెళ్ళవు.

నన్ను వరండాలో, నేలదాకా దిగిన ఆ గది కిటికీ పక్కనే పెట్టారు. అన్నీ కనిపించేవి. మంచం కింద ఎండిన ఉచ్చ చారలు. గోడవార కళ్ళె. చీమలు పట్టిన మెతుకులు. పొద్దున్నే ఆవిడ భర్త వచ్చి తండ్రికి ఇన్సులిన్ పొడిచి, సూది మంచం పక్కన విసిరేసి ఆఫీసుకి పోయేవాడు. సువార్త అంతా తుడిచి కడిగి వెళ్ళేది. మర్నాటికి మళ్ళీ అదే.

"సూదులు ఒక డబ్బాలో వెయ్యమనండమ్మా," అంటే, "ఆయనకి తీరికేదీ?" అనేవారు ఆవిడ. తనని పనికి పంపిన ఏజెన్సీకి ఫోను చేస్తే, "సర్దుకో, లేకపోతే ఇంకో ఇల్లు చూపించం," అన్నారు.

మురికి లోపల ఉంది. నేను బయట ఉన్నాను. దీన్ని మనుషులు శుభ్రం అంటారు.

పెద్దాయనకి సగం మాటే వచ్చేది. "అమ్మా... కాళ్ళకి... చెప్పులు..." అనేవారు.

"మీ కోడలుగారు ఒప్పుకోరు నాన్నగారూ," అని సువార్త నవ్వేది. "మీరు లేచి రండి, ఇద్దరం కలిసి తగువు పెట్టుకుందాం."

ఒకరోజు దుప్పటి మారుస్తూ మంచం అవతలికి జరిగి, "అబ్బా!" అంది. సూది కుడికాలి బొటనవేలిలో దిగింది. వర్ధనమ్మ గారు గుమ్మం దగ్గరే ఆగి, "చూసుకు నడవద్దూ?" అన్నారు. ఆ వేళ నాకు నోరు లేకపోవడం వాళ్ళ అదృష్టం.

వేలు వాచింది, నల్లబడింది. సువార్తకీ షుగరుందని ఆసుపత్రిలోనే తెలిసింది. వేలు తీసేశారు.

ఇంటికి వచ్చాక ఆమె నన్ను తొడుక్కోబోయింది. హవాయి చెప్పు నిలిచేది బొటనవేలికీ పక్కవేలికీ మధ్య. నా పట్టీకి పట్టు చిక్కలేదు. అడుగు వెయ్యగానే జారిపోయాను. మళ్ళీ తొడిగింది. మళ్ళీ జారాను. ఇక తొడగలేదు. నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఆమె బదులు ఏజెన్సీవాళ్ళు ఆ ఇంటికి ఝాన్సీ అనే పిల్లని పంపారు. సువార్త మమ్మల్ని కడిగి ఆ పిల్ల చేతికిచ్చింది.

"పని పోతే పోనీ. విప్పకు," అంది.

గడప దగ్గర మళ్ళీ అదే మాట. "చెప్పులు బయట."

"ఇవి సువార్తక్కవండి," అంది ఝాన్సీ. "వద్దంటే ఇటునుంచి ఇటే వెళ్ళిపోతానండి. పెద్దాయన గుడ్డలు మీరు మారుద్దురుగాని."

గులాబీ చెప్పులు ఒక అడుగు వెనక్కి వేశాయి.

మొదటిసారి ఆ గడప దాటాను. పెద్దాయన నీలం పట్టీలను గుర్తుపట్టి కళ్ళు మూసుకున్నారు. ఝాన్సీ మంచం అవతలికి వెళ్ళి దుప్పటి లాగింది. నా అడుగున ఏదో దిగి, సగంలో ఆగింది.

సూది. సువార్త వేలు పోయాక కూడా ఆ ఇంట్లో వాటిని ఎవరూ ఏరలేదు.

ఝాన్సీ దాన్ని పీకి ఒక ఖాళీ సీసాలో వేసి, మళ్ళీ పనిలో పడింది. ఆ చిల్లు నాకు ఇంకా ఉంది, సరిగ్గా బొటనవేలు ఆనే చోట. నేను పుట్టింది ఆ ఒక్క పనికే. ఒక వేలు పోయాక ఆ పని నాకు ఇచ్చారు.