గండికి పాలు మాన్పించిన మెర్నా

బర్డెకిన్ ఏటి ఎగువన, క్లారీ వాళ్ల గొడ్ల పొలంలో రోజూ ఒకటే తంతు. పొద్దున్నే క్లారీ టీ కప్పుతో వరండాలో కూర్చుంటాడు. ఎదుట ఏటి వాలులో ఆవులు బారులు తీరి తొట్టి దగ్గరికి నీళ్లకొస్తాయి. వాటి వెనకాల గండి వస్తుంది.

అవును, గండే. వానకు నేల కోసుకుపోయి పుట్టింది. మొదట్లో పిల్లి దూకేంత ఉండేది. ఇప్పుడు మా చర్చిని అందులో నిలబెడితే శిలువ కొన కూడా పైకి కనపడదు. తల్లి వెంట దూడలా, ఆవులు రోజూ తొక్కే దారినే పట్టుకుని వస్తుంది. మా వైపు గండ్లన్నీ అంతే.

తొట్టినీ, ఆవులు నాకే ఉప్పు దిమ్మనూ ఇంటి ముందు పెట్టింది క్లారీయే. కూర్చున్న చోటు నుంచే గొడ్లను చూసుకోవాలని ముచ్చట. ఆ ముచ్చటకు గొడ్లు తొక్కి గడ్డి అంతా అరిగి నేల బోడిగుండైంది, గండి వరండా మెట్ల దాకా వచ్చేసింది. పూడ్చుదామని పాత కార్లన్నీ అందులోకి తోశాడు. వాన నీళ్లు వాటి పక్కనుంచి ఇంకో దారి కోసుకున్నాయి. గండికి రెండో నోరొచ్చింది.

"ఇల్లు అమ్మేసి సముద్రం ఒడ్డుకు పోదాం," అని భార్య మెర్నాతో చెప్పి, ఇల్లు కొనే పట్నం మనిషికి కబురంపాడు.

మెర్నా ఆ ఇంట్లోనే పుట్టింది. "నేను రాను. గండికి కార్లు మేపుతావేంటయ్యా? అది ఆవుల కోసం వస్తోంది. పాలు మాన్పించు."

"గండికా!"

"దూడకైతే ఏం చేస్తావ్? కంచె వేసి విడదీయవూ?"

"ఏటి పక్క గడ్డంతా వదులుకోమంటావా?"

"అక్కడ గడ్డెక్కడుంది? నీ నెత్తి మీదే నయం."

తొట్టీ, ఉప్పు దిమ్మా, వాటి వెంట ఆవులూ ఏటికి దూరంగా ఉన్న గట్టు మీదికెక్కాయి. సణుగుతూనే క్లారీ వాలు చుట్టూ కంచె గుంజలు పాతాడు. వానాకాలమంతా వాలులో ఒక్క గిట్ట పడకూడదని మెర్నా మాట.

గండి కంచె దగ్గర నిలబడి అరిచింది. అమ్మో, ఏం అరుపు! అరవై మైళ్ల అవతల గ్లాసులో ఉన్న నా పెట్టుడు పళ్లు గజగజలాడాయి. "మెర్నా వాళ్లు పాలు మాన్పిస్తున్నారు పాపం," అనుకుని అందరం చెవుల్లో దూది పెట్టుకున్నాం.

వానలు పడ్డాయి. గడ్డి లేచింది. పరిగెత్తే నీళ్లు నడక నేర్చాయి. గండి అరుపు మూలుగైంది, మూలుగు ఆగింది. పచ్చికను దుప్పటిలా మీదికి లాక్కుని నిద్రలోకి ఒరిగిపోయింది.

మోకాలెత్తు గడ్డి చూసి, ఆవులకంటే ముందు క్లారీకి నోరూరింది. మెర్నా గట్టు మీదుండగా చూసి గేటు దగ్గరికెళ్లాడు. "ఒక్క పూట మేపితే ఏం పోతుంది?"

గొళ్లెం టక్కుమంది. గండి నిద్రలో కదిలింది. మెట్ల పక్కన దోసెడు మట్టి జారింది. క్లారీ, పసిపాప నిద్రపోతున్న గదికి వేసినట్టు, గొళ్లెం మెల్లగా వేసి, బూట్లు చేతబట్టుకుని ఇంటికొచ్చాడు.

అప్పుడే కొనే మనిషి కారు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. క్లారీ మేజోళ్లతో పరిగెత్తాడు.

"ఆపవయ్యా! ఇప్పుడే కన్ను మూసింది!"

"ఎవరు, మనవరాలా?"

"గండి."

ఆయన చప్పున టోపీ తీసి గొంతు తగ్గించాడు. "మరి ఇల్లు?"

"ఎలా అమ్మను? అది లేస్తే మళ్లీ ఎవరు పడుకోబెడతారు?"

ఇంజను వేయకుండా, ఇద్దరూ కలిసి ఆ కారును రోడ్డు దాకా తోసుకెళ్లారు.