పరదాకు కాజా

భిక్షపతి రిక్షాకు పరదా కడుతున్నాడు. పై రెండు కొసలు టాపు కమ్మీలకు, కింది రెండు కాళ్ల దగ్గరి కొక్కేలకు. ఇక్బాలున్నీసా ఆపా ఎక్కాక బయటివాళ్లకు ఆమె చెప్పులు కూడా కనిపించకూడదు. ముడి బిగించి గంట రెండుసార్లు కొట్టాడు. ఏళ్ల తరబడి మంచం దిగని ఆపా తల్లి లోపల్నుంచి దగ్గింది, ఆ వెనకే రిక్షా వచ్చిందని కూతురికి కేకేసింది.

"బేటీ, రిక్షా ఆగయా!"

బుర్ఖాలో ఆపా వచ్చి ఎక్కింది. పత్తర్‌గట్టి వెనక సందులోంచి శాలిబండ ఉర్దూ బడికి పొద్దున ఒక తడవ, సాయంత్రం ఒక తడవ. ఆమె పంతులమ్మగా చేరిన నాటి నుంచీ ఇదే దారి, ఇదే రిక్షా. భిక్షపతి ఆమె ముఖం చూసింది లేదు. కానీ గొంతు విని, ముసలమ్మకు రాత్రి ఎలా గడిచిందో చెప్పగలడు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా తల్లిని ఎవరు చూస్తారన్న మాటా వచ్చేది. దానికి జవాబు దొరకలేదు, పెళ్లీ కాలేదు.

భిక్షపతి బతుకు అంతకన్నా గొప్పదేమీ కాదు. బక్క ఒళ్లు, వెదురు కణుపుల్లా తేలిన మోకాళ్లు, వీపున ఉప్పు మరకలు కట్టిన ఖాకీ చొక్కా. రిక్షా సేటుది. ఒక్కరోజు ఆగిపోతే ధూల్‌పేట్‌లో పెళ్లాం మాణిక్యమ్మ పొయ్యి వెలగదు.

"చెప్పు భిక్షపతి, పైసల ఫికరే లేకుంటే ఏం చేస్తవ్?" ఆపా రోజూ అడిగేదే అడిగింది.

"గదే ఆపా. ఎనక సీట్ల నేను కూసుంట. సేటు తొక్కాలె. శాలిబండ ఎత్తు ఎక్కలేక ఆయన రొప్పుతుంటె, జల్ది పోనియ్ భాయ్ అంట."

పరదా కదిలేలా నవ్వింది ఆపా. తన కోరిక మాత్రం ఎన్నడూ చెప్పేది కాదు. ఆ గురువారం సాయంత్రం తిరిగొస్తుంటే ఎందుకో చెప్పింది. గొంతు ఊపిరి అందనట్టుగా ఉంది.

"నేనైతే దిగను భిక్షపతి. బడి కాడ దిగను, ఇంటి కాడ దిగను. రిక్షా పోతనే ఉండాలె."

భిక్షపతి తొక్కడం నెమ్మది చేశాడు. ఇంతోటి కోరికకు పైసలెందుకు?

"రేపు జుమ్మా గద, బడి లేదు. పొద్దు వాలినంక వస్త. బార్కస్ దాటి, సడక్ ఉన్నంత దూరం పోదం. కిరాయి వద్దు."

"మరి అమ్మీ?"

"పక్కింటోళ్లను జరసేపు కూసోమను."

రిక్షా సందులోకి మళ్లింది. చివరికి "అచ్ఛా" అంది.

మర్నాడు మాణిక్యమ్మ చేత పరదా ఉతికించాడు. ఆరేస్తూ ఆమె ఆగిపోయింది.

"ఇదేంది, నడిమిట్ల కాజా ఎవరు కుట్టిన్రు?"

వేలెడు చీలిక. చుట్టూ ఆకుపచ్చ దారంతో చక్కటి కుట్టు. హడావిడిగా కట్టి విప్పే భిక్షపతి ఎన్నడూ గమనించలేదు.

"ఆపానే కుట్టుకున్నదేమో. బజార్ చూడనీకె," అన్నాడు.

ఆరిన పరదా మళ్లీ కట్టి పొద్దు వాలాక వెళితే, సందు మొదట్లోనే జనాజా ఎదురైంది. పాడె మీద చాదర్ కప్పి, ఆపా ఇంట్లోంచే మోసుకొస్తున్నారు. ముసలమ్మ పోయిందనుకున్నాడు. అడగలేదు, పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్ల పేరెత్తి మగవాళ్లను అడిగే అలవాటు ఆ సందులో లేదు. జనాజా ఎదురైతే ఎవరైనా సరే నాలుగడుగులు భుజం పడతారు. పరుగున వెళ్లి తానూ పట్టాడు. ఏడుపొచ్చింది. ఆ వెనకే, ఇక ఆపాకు తెరిపి దొరుకుతుందన్న ఆలోచనా వచ్చింది. తన మీద తనకే సిగ్గేసింది.

వెనక్కి వచ్చి, రిక్షాను ఆపా ఇంటి ముందు నిలిపాడు. ఇవాళ ఎటూ పోలేరు, నిజమే. మాట ప్రకారం వచ్చానని ఆమెకు తెలియాలి కదా. గంట మెల్లగా రెండుసార్లు కొట్టాడు.

లోపల దగ్గు వినిపించింది.

"బేటీ, రిక్షా ఆగయా!"

ఆ కేక మీద ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారిగా లేచింది. తన భుజం మీదుగా వెళ్లింది ఎవరో భిక్షపతికి అప్పుడు తెలిసింది. "అయ్యో ఆపా," అన్నాడు, తనకే వినిపించనంత మెల్లగా. నడివీధిలో మగవాడు ఎక్కడ కూర్చుని ఏడుస్తాడు? పరదా ఎత్తి, బతుకులో మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాడు. పరదా దించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

కళ్లు తుడుచుకునేసరికి కాజా సరిగ్గా ఎదురుగా ఉంది. కన్ను ఆనించాడు. చార్మినార్ లేదు, గాజుల దుకాణాలు లేవు. తొక్కేవాడు కూర్చునే సీటు కనిపించింది, అంతే. ఇన్నేళ్లూ ఆమె చూసింది చెమటతో తడిసిన తన వీపునే.

కాజా చుట్టూ ఆకుపచ్చ దారం, అంత ఉతికినా ఒక్క పోగు వదలకుండా, బిగిసి ఉంది.