బావ గొంతు పెట్టె

టీవీ మెకానిక్కు ఒక పాడలవాటు ఉంది. మూత తీశాక, అడిగినంత వరకే బాగుచేసి పంపడం అతనికి చేతకాదు. వదులైన తీగ కంటపడితే అతికించాల్సిందే, తుప్పు పట్టిన స్క్రూ మార్చాల్సిందే. ఆ రోగం వల్లే దుకాణానికి పేరొచ్చింది. ఆ రోగమే సొంత అక్క కొంప ముంచింది.

అక్క మొగుడికి గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. అప్పట్లో వాళ్ళింట్లో టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటరు ఉండేది. దాని వెనక గుచ్చితే మాట్లాడే పెట్టె ఒకటి బజారులోకి వచ్చింది. వచ్చినంత వేగంగానే పోయింది, తయారుచేసిన కంపెనీ ఆ ఏడాదే చేతులెత్తేసింది. దానికి మాటలు రావు, ముక్కలు ముక్కలుగా శబ్దాలు మాత్రమే వచ్చు. బావ ఆ ముక్కల్ని ఓపిగ్గా పేర్చి మాటలు చేసుకున్నాడు. ఇక బతికినన్నాళ్ళూ ఆ పెట్టెతోనే పెళ్ళాన్ని పిలిచాడు, బావమరిదిని ఏడిపించాడు. అప్పుడే నిద్ర లేచినట్టు లోతుగా, బద్ధకంగా ఉండేది ఆ గొంతు. సొంత గొంతున్న రోజుల్లో ఇంత నెమ్మదిగా ఎన్నడైనా పిలిచారా అని అక్క ఆటపట్టించేది.

బావ పోయాక ఆ గొంతే మిగిలింది. ఆయన అసలు గొంతు ఎక్కడా రికార్డు కాలేదు, అక్కకు అది గుర్తు కూడా లేదు. రోజూ సాయంత్రం, ఆయన పేర్చిన మాటల వరస దాచిన కాసెట్‌ను కంప్యూటరులోకి ఎక్కించి మీట నొక్కేది. “ఏమోయ్, ఉన్నావా?” అని అడిగేది పెట్టె. “ఉన్నా, చెప్పండి” అనేది అక్క. చూసినవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకునేది.

ఒక సాయంత్రం పెట్టె పలకలేదు. మర్నాడే కంప్యూటరు, కాసెట్‌తో సహా దాన్ని తువ్వాల్లో చుట్టుకుని తమ్ముడి దుకాణానికి వచ్చింది.

లోపల ఒక కెపాసిటర్ ఉబ్బిపోయి ఉంది. మార్చాడు. అక్కడితో మూత బిగించి ఉంటే కథ వేరు. పెట్టె ఎంత వేగంగా, ఎంత లోతుగా పలకాలో నిర్ణయించే చిన్న క్రిస్టల్ మీద అతని చూపు పడింది. బోర్డు మీద అచ్చువేసిన అంకె ఒకటి, అక్కడ అతికించింది మరొకటి. మూతపడే ముందు కంపెనీవాళ్ళు చేతికందింది పెట్టి వదిలించుకున్నట్టున్నారు. ఇన్నేళ్ళ తప్పు తన కంటికే దొరికిందని మురిసిపోయాడు. చేతులు పనిలో పడితే అతనికి చెవులు పనిచేయవు. బావ గొంతు తలపుకే రాలేదు. పాతదాన్ని లాగితే దాని కాలు మొదలంటా విరిగింది, దాన్ని చెత్త డబ్బాలోకి విసిరి సరైనది అతికించాడు.

అక్కను పిలిచి, దర్జాగా మీట నొక్కాడు.

“ఏమోయ్, ఉన్నావా?”

సన్నటి గొంతు. బస్సు కదిలిపోతుంటే టికెట్లు కొట్టేవాడిలా తొందరపడిపోతోంది. అక్క గుమ్మం వైపు చూసింది.

“ఎవర్రా ఇది?”

అతను చెత్త డబ్బా బోర్లించి పాత క్రిస్టల్ వెతికాడు, విరిగిన కాలు అతికించాలని నానా తంటాలూ పడ్డాడు. అది చచ్చిపోయింది. దాని మీది అంకె ప్రకారం ఇంకోటి దొరుకుతుందేమోనని తెలిసిన దుకాణాలన్నిటికీ ఫోన్లు చేశాడు. అలాంటిది ఎవరూ ఎరగరు.

చివరికి ఆ స్థానంలో వేగం మార్చే చిన్న సర్క్యూట్ కట్టి, దానికొక తిప్పే నాబ్ పెట్టాడు. పాత అంకెకు సరిగ్గా సరిపెట్టే కొలత పరికరం దుకాణంలో లేదు, చెవులే దిక్కు. అక్క స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. అతను తిప్పుతూ, మీట నొక్కుతూ పోయాడు. ఇంకాస్త కిందికి అంది. మరీ దిగింది అంది. ఒకసారి ఆమె మొహం విప్పారితే, దొరికిందని ఇతనికి ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ వినిపించమంది, విని కాదంది. ఇందాకటిదే నయం అంది. ఇందాకటిది ఏదో ఇద్దరికీ తెలియలేదు. నువ్వూ విన్నవాడివేగా, నువ్వే చెప్పమంది. అతనికి అన్నీ బావ గొంతులాగే ఉన్నాయి, ఏదీ బావది కాదు.

“ఇక తిప్పకురా,” అంది అక్క కళ్ళు తెరిచి. “పొద్దున ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఆయన గొంతు నా చెవిలో ఉంది. ఇప్పుడు లేదు.”

అతను తువ్వాలు అందుకోబోతే మోచెయ్యి మీటకు తగిలి, పెట్టె మళ్ళీ అడిగింది.

“ఏమోయ్, ఉన్నావా?”

అక్క పలకలేదు.