గట్టు అవతలి పడవ

ఇరవై రెండేళ్ళుగా మార్చి రెండో శని, ఆదివారాల్లో నేనూ వెర్నన్ ఒకే పడవలో కూర్చుని బాస్ చేపలు పట్టాం. ముందు అతను, వెనక నేను. ఈ ఏడాది శుక్రవారం సాయంత్రం యూలా అమ్మగారి గేటు దగ్గర ట్రక్కు దిగుతూనే అతను ఆమెతో, "ఈసారి రెండు పడవలు కావాలండీ. నేను కింది చెరువులో ఉంటాను, హోలిస్ పై చెరువులో ఉంటాడు," అన్నాడు. హోలిస్ అంటే నేనే. నాతో అనలేదు. ఆమెతో అన్నాడు.

అప్పటికే వాన పట్టుకుంది. యూలా అమ్మగారు గొడుగు కింద నుంచి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకు ఎనభై దాటాయి. డెమోపొలిస్ ఊరికి పన్నెండు మైళ్ళ ఇవతల, ఆమె భర్త తవ్వించిన ఆ రెండు చెరువుల్లోకి వారానికి ఒక్క జట్టునే రానిస్తుంది.

"ఏం, కొట్టుకున్నారా?" అంది.

"లేదమ్మా," అన్నాను.

"పోనీలే. మొగుడూ పెళ్ళాలే ఇన్నేళ్ళు ఒక పడవలో కూర్చోరు," అని నవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. గొడుగు కొంచెం వెర్నన్ వైపు వంచింది. తర్వాత గొంతు పెంచి మామూలు పాఠం మొదలుపెట్టింది. "పద్నాలుగు అంగుళాల లోపుది ఒక్కటి కూడా మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళకూడదు. పోయిన వారం బర్మింగ్‌హామ్ నుంచి నలుగురు బాబులొచ్చారు. చిన్నవాటిని చూస్తే జాలేసిందట, అన్నీ వదిలేసి పోయారు. జాలి చర్చిలో చూపించుకోండి నాయనా, నా చెరువులో కాదు. చిన్నవి మరీ ఎక్కువైపోతే పెద్దవి ఏం తిని బతుకుతాయి? పెద్దది పడితే మాత్రం ముద్దు పెట్టుకుని వదిలెయ్యండి."

"అలాగేనండీ," అన్నాడు వెర్నన్. తాళం చెవి తీసుకుని తన ట్రక్కు ఎక్కాడు. నేను నా ట్రక్కులో అతని వెనకే వెళ్ళాను. రెండు ట్రక్కుల్లో రావడం కూడా ఈ ఏడాదే.

వెర్నన్ భార్య ఐడా రూత్ అక్టోబరులో పోయింది. ఆపరేషన్ అయిన ఐదో రోజు సాయంత్రం నేను ఆసుపత్రికి వెళ్ళాను. మా బాప్టిస్టు సంఘంలో నేను డీకన్‌ని. పాస్టరు గారికి వీలు కానప్పుడు రోగుల దగ్గరికి వెళ్ళి ప్రార్థన చెయ్యడం నా పని. ఆ రోజు ఆమెకు జ్వరం తగ్గింది. అరకప్పు సూపు తాగింది. నా కొత్త టోపీ చూసి, "అది నీదేనా, గోడకి తగిలించి ఉంటే ఎత్తుకొచ్చావా?" అని కూడా అంది. ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను. చేస్తుండగా గుండెల్లో వెచ్చగా ఏదో నిండినట్టయింది. జీవితంలో రెండు మూడు సార్లు అలా అయింది నాకు. కళ్ళు తెరిచి వెర్నన్‌ని వరండాలోకి తీసుకెళ్ళాను. "ప్రభువు నాకు చెప్పాడు. ఆమె లేచి ఇంటికొస్తుంది. నువ్వు ఇంటికెళ్ళి పడుకో," అన్నాను. ఐదు రాత్రులుగా అతను కుర్చీలోనే ఉన్నాడు. టెక్సస్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసి, కంగారు లేదు, వారం ఆగి రమ్మన్నాడు. ఇంటికెళ్ళి పడుకున్నాడు. తెల్లవారేలోపు ఐడా రూత్ ఆ గదిలో ఒంటరిగా పోయింది.

శవపేటిక ఒక కొస నేనే మోశాను. అతను నన్ను ఒక్క మాట అనలేదు. చర్చికి రావడం మానేశాడు. ఎవరడిగినా మోకాలు నొప్పి అంటాడు. ప్రతి ఆదివారం నా పక్కన అతని చోటులో నా బైబిలు పెట్టి ఉంచుతాను. పాస్టరు గారు ముగింపు ప్రార్థన చెయ్యమంటే నేను గొంతు బాగాలేదంటున్నాను. మా ఇద్దరి జబ్బులూ అబద్ధాలే.

ఈ ఏడాది చెరువుకి రాడనుకున్నాను. ఫోన్ చేస్తే, "ఐడా రూత్ ముందే క్యాలెండర్‌లో రాసిపెట్టింది కదా. వస్తాను," అన్నాడు. ఆ మాట మా ఆవిడ డోరిన్‌తో చెప్పాను.

"చేపలు పట్టడానికి వెళ్తున్నావా, క్షమించమని అడగడానికా?" అంది.

"రెండూ."

"అయితే ముందు అడుగు. గాలం చేతిలోకొచ్చిందంటే మీ మగాళ్ళకి నోరు పెగలదు."

శుక్రవారం రాత్రి నోరు పెగల్లేదు. చెరువుల దగ్గరున్న రేకుల ఇంట్లో రెండు మంచాల మీద పడుకుని కప్పు మీద వాన వింటూ ఉండిపోయాం. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటూ నేను, ఎందుకో నాకు తెలియకుండా అతను, ఇద్దరం మేలుకునే ఉన్నాం.

శనివారం పొద్దున కూడా వాన తగ్గలేదు. ఏటా మొదటి గాలం వెయ్యకముందు పడవలో టోపీలు తీసి నేను చిన్న ప్రార్థన చేసేవాణ్ణి. నేను టోపీ తియ్యబోయేసరికి కింది చెరువు వైపు అతని మోటారు చప్పుడు వినిపించింది. టోపీ మళ్ళీ పెట్టుకున్నాను. ఒక్కణ్ణే చేసుకోవచ్చు. చేసుకోలేదు.

రెండు చెరువులకీ మధ్య మట్టి గట్టు ఉంది. పై చెరువులో నుంచి చూస్తే గట్టు మీదుగా వెర్నన్ పసుపుపచ్చ వానకోటు తలముసుగు మాత్రం కనిపిస్తుంది. కాసేపు ఇటు జరుగుతుంది, కాసేపు అటు జరుగుతుంది. మిగతా అంతా బూడిద రంగు నీళ్ళు, నీళ్ళలో నిలబడి ఎండిపోయిన మొద్దులు. గాలానికి గుచ్చిన రబ్బరు వానపామును మొద్దుల పక్కన వేసి, అడుగుకి దిగనిచ్చి, మెల్లగా లాగుతూ కూర్చున్నాను. పది గంటలకల్లా ఏడు చేపలు పడ్డాయి. అన్నీ చిన్నవే. కొలబద్ద మీద పెట్టి చూసి ఒక్కొక్కటే ఐసు పెట్టెలో వేశాను. మూత వేశాక కూడా కాసేపు లోపల కొట్టుకుంటూనే ఉంటాయి. పడవలో ఇంకో మనిషి ఉన్నప్పుడు ఆ చప్పుడు ఎప్పుడూ పట్టించుకోలేదు.

పదకొండు ప్రాంతంలో పెద్దది తగిలింది. మొదట గాలం మొద్దుకి చిక్కుకుందనుకున్నాను. తర్వాత మొద్దు కదిలింది. రెండుసార్లు పడవ కిందికి దూరింది. చివరికి వలలోకి తీశాను. తూచి చూస్తే ఎనిమిదిన్నర పౌండ్లు. మేమిద్దరం ఇన్నేళ్ళలో పట్టినవాటిలో ఇంతది లేదు. వెంటనే గట్టు వైపు తిరిగి, "వెర్నన్! ఒరేయ్, ఇటు చూడరా!" అని అరిచాను.

పసుపుపచ్చ ముసుగు కదల్లేదు. మళ్ళీ అరిచాను. వానలో నా గొంతు నా పడవ దాటినట్టు లేదు.

పక్కన అతనుంటే ఏమనేవాడో నాకు తెలుసు. "తక్కెడ మీద బొటనవేలు పెట్టావా?" అనేవాడు. చేప దవడ పట్టుకుని నీళ్ళలో అటూ ఇటూ ఆడించాను. దానికి ఊపిరి అందాక నా చేతిలో నుంచి తానే జారిపోయింది. అది ఎంత పెద్దదో ఇప్పుడు నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాట అనుకోగానే నాకే భయం వేసింది. దేవుడు నాకేదో చెప్పాడని ఒకసారి వెర్నన్‌తో అన్నవాణ్ణి. ఆ రోజు గుండెలో కలిగిన వెచ్చదనం ఆయనదా, లేక ఆమె బతకాలని నాకున్న కోరికదా? ఆయనదే అయితే ఎందుకలా జరిగింది? నాదే అయితే దాని మీద ఆయన పేరెందుకు పెట్టాను? ఐదు నెలలుగా అడుగుతున్నాను. కోపంతో కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నాను.

మధ్యాహ్నం రేకుల ఇంటికి తిరిగొచ్చి కాఫీ కాచాను. వెర్నన్ భోజనానికి రాలేదు. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని గట్టెక్కాను. బురదలో రెండుసార్లు కాలు జారింది. కింది చెరువు మధ్యలో, ఒడ్డుకి ఎనభై గజాల దూరంలో అతని పడవ ఉంది. నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"కాఫీ తెచ్చాను!"

"అక్కడ పెట్టు! తర్వాత తాగుతా!"

ఫ్లాస్కు గడ్డిలో పెట్టాను. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

"వెర్నన్! నీతో ఒక మాట చెప్పాలి!"

"ఏంటీ?"

"మాట చెప్పాలి!"

"చెప్పు!"

మెల్లగా, కూర్చుని, భుజం మీద చెయ్యేసి చెప్పాల్సిన మాట అది. ఐదు నెలలు ఆలస్యం చేసినందుకు గొంతు చించుకుని చెప్పాల్సి వచ్చింది.

"ఆసుపత్రిలో... నేను తప్పు చేశాను!"

"వాన చప్పుడురా! వినపడట్లేదు!"

"తప్పు చేశానంటున్నాను! ప్రభువు చెప్పాడని అనాల్సింది కాదు! నిన్ను ఇంటికి పంపాల్సింది కాదు! నన్ను క్షమించు!"

ఈసారి వినపడిందని అతని భుజాలు చూస్తే తెలిసింది. గాలానికి ఏదో తగిలి కర్ర కొస వంగింది. అతను లాగలేదు. కొస మళ్ళీ నిటారుగా అయింది. అప్పుడు మోటారు వేసి పడవ ఇటు తిప్పాడు. ఒడ్డుకి రాలేదు. నాలుగు గజాల దూరంలో మోటారు ఆపాడు. ఇక అరవనక్కర్లేదు.

"అబద్ధం చెప్పావా ఆ రోజు?" అన్నాడు.

"లేదు. నిజంగానే అలా అనిపించింది."

"అదేరా నా బాధ. అబద్ధమని తెలిస్తే అంత్యక్రియల రోజే నీ పళ్ళు రాలగొట్టేవాణ్ణి. హాయిగా ఉండేది."

"ఇప్పుడు కొట్టు. పై వరస ఎలాగూ కట్టుడువే."

అతని మూతి ఒక పక్క కదిలింది. నవ్వు కాదు. నేను అతని పడవలోకి చూశాను. ఐసు పెట్టె మూత తెరిచి ఉంది. లోపల ఐసు తప్ప ఏమీ లేదు.

"ఏమీ పడలేదా?"

"పదిహేను పడ్డాయి. వదిలేశాను."

"చిన్నవేనా? ఒరేయ్, ఆ ముసలావిడ మనిద్దర్నీ చీరేస్తుంది."

"చీరనీ. ఇవాళ దేన్నీ ఐసులో పెట్టాలనిపించలేదు."

వాన అతని ముసుగు మీద నుంచి గడ్డం మీదికి కారుతోంది. కిందికి చూస్తూ మాట్లాడాడు.

"నిజం చెప్పనా? ఆ సాయంత్రం నువ్వు పంపించక్కర్లేదు. వెళ్ళిపోవాలని నాకే ఉంది. ఆ గది వాసన, ఆ మిషన్ల చప్పుడు, ఆ కుర్చీ. వెళ్ళు అని ఎవరైనా అంటారా అని మొహాలు చూస్తున్నాను. నర్సు అంటుందేమో అనుకున్నా. నువ్వు అన్నావు. అదీ దేవుడి పేరు పెట్టి. అంతకంటే మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది నాకు?"

"ఐదు రాత్రులు కూర్చున్నావురా నువ్వు."

"ఆరోది కూర్చోలేదు."

గాలం కర్ర పక్కన పెట్టి, "అందుకని నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. పొద్దున లేవగానే ఒకరోజు నా మీద వస్తుంది, ఒకరోజు నీ మీద వస్తుంది. పోతే చెబుతా," అన్నాడు.

"సరే."

"ఆయన మీద కూడా వస్తుంది. అది నీతో చెప్పకూడదేమో, డీకన్‌వి."

"చెప్పు. ఎవరో ఒకరితో చెప్పాలి కదా."

అతను తల ఊపాడు. "నువ్వు నీ చెరువుకి వెళ్ళు హోలిస్. చీకటిపడే దాకా నేనిక్కడే ఉంటా," అని మోటారు వేశాడు. నేను గట్టెక్కి తిరిగి చూసేసరికి చెరువు మధ్యలో మళ్ళీ వీపు పెట్టి కూర్చున్నాడు. ఫ్లాస్కు గడ్డిలోనే ఉంది.

ఆ రాత్రి నేను పట్టిన చిన్న చేపలకి మొక్కజొన్న పిండి పట్టించి వేయించాను. అతను రెండు ముక్కలు తిన్నాడు. ఉప్పు ఎక్కువైందన్నాడు. అతను ముందు నిద్రపోయాడు. నేను చాలాసేపు మేలుకుని ఉన్నాను.

ఆదివారం చర్చికి దూరంగా ఉంటాం కాబట్టి ఏటా ఆ పొద్దున వసారాలో కూర్చుని ఒక కీర్తన చదివి ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఈసారి ఆ ఊసెత్తకూడదని నేను కాఫీ కప్పు పట్టుకుని వాన చూస్తూ కూర్చున్నాను. వెర్నన్ సామాను ట్రక్కులో వేసి వచ్చాడు. ఎదురు కుర్చీలో కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

నేను అతని వంక చూశాను.

"చెయ్యి," అన్నాడు. "నీకు తెలియనిది మాత్రం చెప్పకు."

నలభై ఏళ్ళుగా నోటికి అలవాటైన ప్రార్థనలన్నీ నాలుక దాకా వచ్చాయి. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతిదాంట్లోనూ నాకు తెలియని సంగతి ఉంది. ఆయన ఓదారుస్తాడని. ఆమె హాయిగా ఉందని. అన్నీ మన మేలు కోసమేనని. నేను అవి నమ్ముతాను. ఇప్పటికీ నమ్ముతాను. తెలుసునని మాత్రం అనలేను. గుండెల్లో వెచ్చగా ఏమీ అనిపించలేదు. చేతిలో కాఫీ కప్పే వెచ్చగా ఉంది.

"ప్రభువా, ఐడా రూత్ లేదు," అన్నాను. "వెర్నన్ ఒక్కడే ఉన్నాడు. ఎందుకో మాకు తెలియదు. నీకు తెలుసు. ఆమేన్."

అతను ఆమేన్ అనలేదు. కొంతసేపు టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు.

"అంతేనా?"

"అంతే."

"ఇన్నేళ్ళూ నువ్వు కళ్ళు తెరిచేసరికి కాఫీ చల్లారిపోయి ఉండేది."

"తెలిసి ఉంటే ముందే కుదించేవాణ్ణి."

"లేదులే. కుదించేవాడివి కాదు," అన్నాడు. టోపీ పెట్టుకుని లేచాడు. మెట్ల మీద ఆగి, నా వైపు చూడకుండా, "నాకోసం చోటు పెట్టి ఉంచుతున్నావని డోరిన్ చెప్పింది. వచ్చే ఆదివారం పెట్టకు. వచ్చేవాణ్ణయితే నేనే అడుగుతా," అన్నాడు.

"సరే," అన్నాను.

గేటు దాకా అతను ముందు, నేను వెనక. అతను గేటు దాటి పెద్ద రోడ్డెక్కాడు. నేను దిగి గొలుసు వేసి, తాళం బిగించి, తడి చేతులు కోటుకి తుడుచుకుని చూసేసరికి అతని ట్రక్కు దూరంగా వానలో ఎడమ వైపుకి తిరుగుతోంది. మా ఊరు కుడి వైపు. ఎడమ రోడ్డు ఐడా రూత్ సమాధి ఉన్న కొండ మీదికి పోతుంది. వెనకే వెళ్దామనిపించింది. నా ట్రక్కు ఎక్కి, వైపర్లు వేసుకుని, కుడి వైపుకి తిప్పాను.